పీనియల్ కణితుల్లో క్రోమోజోమ్‌ల గొడవ ఏమిటి?

[తెర మీద: మెదడు నిలువుకోత. సరిగ్గా నడిమధ్యన ఒక చుక్క వెలుగుతుంది.]

ఈ చుక్కే పీనియల్ గ్రంథి. పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ వదిలి, నిద్రవేళ అయిందని ఒంటికి చెబుతుంది. ఇక్కడ కణితి పుట్టడం అరుదు. పెద్దవాళ్ల మెదడు కణితుల్లో ఇవి ఒక శాతం లోపే, పిల్లల్లో కాస్త ఎక్కువ.

పుడితే మాత్రం తలనొప్పి డాక్టర్లకూ మొదలవుతుంది. అది ఏ రకమో ఎంఆర్‌ఐ చూసి తేల్చి చెప్పలేం. గ్రంథి ఉన్నదేమో లోతున, పెద్ద సిరల మధ్య. అందుకే బయాప్సీకి దొరికే ముక్క చాలా చిన్నది. దాన్ని మైక్రోస్కోపు కింద పెడితే నీలిరంగు పట్టిన చిన్న చిన్న కణాలు కిక్కిరిసి కనిపించాయనుకోండి. అచ్చం అలాగే కనిపించే కణితులు ఇంకా ఉన్నాయి. ఇక క్రోమోజోమ్‌లు చూడాల్సిందే.

[తెర మీద: అడ్డంగా 1 నుంచి 22 దాకా అంకెలు, వాటి మీదుగా చుక్కల వరుస.]

ల్యాబ్ నుంచి వచ్చే గ్రాఫ్ ఇలా ఉంటుంది. చుక్కలు నడిమి గీత మీద ఉంటే ఆ క్రోమోజోమ్ రెండు ప్రతులూ ఉన్నట్టు. కిందికి జారితే ఒకటి పోయినట్టు, పైకి లేస్తే అదనంగా చేరినట్టు.

[13 దగ్గర చుక్కలు కిందికి జారతాయి.]

పీనియోబ్లాస్టోమా దగ్గర కాసేపు ఆగుదాం. వీటిలో బాగా దుడుకైన రకం ఇదే, నాలుగో గ్రేడు, ఎక్కువగా పిల్లల్లో వస్తుంది. కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ1 జన్యువు ఉండేది 13వ క్రోమోజోమ్ మీద. అమ్మ నుంచి వచ్చిన ప్రతి పాడైనా నాన్న ఇచ్చినది పని నడిపిస్తుంది. రెండూ పోతేనే కళ్లెం తెగుతుంది. అమెరికన్ వైద్య పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ 1971లో, రెటీనోబ్లాస్టోమా అనే కంటి కణితి కేసుల లెక్కలు చూసి ‘రెండు దెబ్బలు పడాలి’ అన్నారు. అప్పటికి ఆ జన్యువు ఎవరికీ దొరకనే లేదు!

కొందరు పిల్లలు ఒక దెబ్బతోనే పుడతారు. వాళ్లలో రెండు కళ్లలో కణితులతోపాటు పీనియల్‌లోనూ వస్తే, దాన్ని ట్రైలేటరల్ రెటీనోబ్లాస్టోమా అంటారు. కంటికీ దీనికీ సంబంధమేమిటంటారా? కొన్ని కప్పల్లో, బల్లిజాతి జీవుల్లో ఈ భాగం నేరుగా వెలుతురును పసిగడుతుంది. మనలో ఆ పని పోయింది కానీ, కంటి వెనక ఉండే రెటీనా పొర కణాలతో చుట్టరికం పోలేదు.

పీనియోబ్లాస్టోమాకు ఇంకో దారి 14వ క్రోమోజోమ్ మీది డైసర్1 జన్యువు. ఇది జన్యువులను అదుపులో పెట్టే మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కత్తిరించి తయారుచేస్తుంది. ఒక ప్రతిలో తప్పు ఉండి, రెండోది క్రోమోజోమ్ ముక్కతో సహా ఊడిపోతే ఆ పని అస్తవ్యస్తం. ఈ దారిన వచ్చిన పిల్లలు చికిత్సకు కొంత మెరుగ్గా స్పందిస్తారు. ఆర్‌బీ1 దారిన వచ్చేది ఎక్కువగా పసివాళ్లలో, వాళ్ల పరిస్థితి కష్టం. పేరు ఒకటే, రోగాలు రెండు అన్నా తప్పులేదు.

మిగతావి గబగబా చూద్దాం. పాపిల్లరీ రకంలో దాదాపు ప్రతిసారీ 10వ క్రోమోజోమ్ ఒకటి మాయమవుతుంది. నెమ్మదిగా పెరిగే పీనియోసైటోమాలో గ్రాఫ్ ఇంచుమించు సాఫీగా ఉంటుంది. మధ్యస్థ రకంలో తరచూ కనిపించే తప్పు కేబీటీబీడీ4 జన్యువులో చిన్న చేర్పు. అది ఈ గ్రాఫ్‌కు అందదు, డీఎన్‌ఏ అక్షరాలు చదవాలి. జెర్మినోమా అసలు పీనియల్ కణాలది కాదు, అండం, శుక్రకణం తయారయ్యే బీజకణాల నుంచి వచ్చింది. అందులో అదనపు ఎక్స్ క్రోమోజోమ్ తరచూ కనిపిస్తుంది. రేడియేషన్‌కు బాగా లొంగుతుంది కాబట్టి దీన్ని గుర్తుపట్టడం చాలా ముఖ్యం.

[తెర మీద: రక్త నమూనా గొట్టం.]

కణితిలో ఆర్‌బీ1 లేదా డైసర్1 తప్పు దొరికితే, రక్తంలోనూ అదే ఉందేమో చూస్తారు. ఉంటే అది పుట్టుకతో వచ్చిందే. అప్పుడు తోబుట్టువులకూ పరీక్ష చేయాలి, ఆర్‌బీ1 అయితే పసివాళ్ల కళ్లు ముందుగా.