పేరు దగ్గరే ఆగొద్దు, కేసు చివరిదాకా చదవండి

శ్రోతలందరికీ నమస్కారం. తాగి కారు నడిపిన కేసుల కోర్టు రికార్డులు ఎక్కడ దొరుకుతాయి, దొరికాక వాటిని ఎలా చదవాలి? ఈ రోజు నా ప్రసంగం దాని గురించే. మనమంతా ఉండేది డల్లాస్ చుట్టుపక్కలే కాబట్టి టెక్సాస్ సంగతే చెబుతాను.

ఇక్కడ ఈ కేసుల్ని డీడబ్ల్యూఐ అంటారు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది, అక్కడ రికార్డులు దాచే అధికారి కౌంటీ క్లర్క్. ఆ క్లర్క్ దగ్గరుండే రికార్డుల్ని, చట్టమో కోర్టు ఉత్తర్వో అడ్డుపడితే తప్ప, ఎవరైనా చూడొచ్చని ఈ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది. ఎందుకు చూస్తున్నారని ఎవరూ అడగరు. కోర్టులో జరిగింది జనానికి తెలియాలి, అది మంచి పద్ధతే. నా బాధల్లా ఒక్కటే. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రికార్డు తెరవడం తేలికైపోయింది. దాన్ని చివరిదాకా చదివే ఓపిక మాత్రం మనలో చాలామందికి లేదు. సగం చదివి, స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో పెట్టేస్తున్నాం.

ముందు, ఏ కౌంటీలో వెతకాలి? టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. మనిషి ఎక్కడ ఉంటాడన్నది కాదు, పోలీసులు ఎక్కడ పట్టుకున్నారన్నది లెక్క. అర్వింగ్‌లో ఉండే కుర్రాడు ప్లేనోలో పట్టుబడితే కేసు డల్లాస్ కౌంటీలో ఉండదు, కాలిన్ కౌంటీలో ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో అయితే ఊరే రెండు ముక్కలు. ఎక్కువ భాగం కాలిన్ కౌంటీ, మిగతాది డెంటన్ కౌంటీ. అందుకని ఫ్రిస్కో కేసు ఒకచోట కనబడకపోతే రెండోచోట కూడా చూడాలి.

తర్వాత, ఏ కోర్టు? మామూలుగా మొదటిసారి, రెండోసారి పట్టుబడితే అది మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. కౌంటీ కోర్టులో నడుస్తుంది, కాగితాలు కౌంటీ క్లర్క్ దగ్గరుంటాయి. మూడోసారి అయినా, కారులో పదిహేనేళ్లలోపు పిల్లలున్నా అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్తుంది, ఆ కాగితాలు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరుంటాయి. క్లర్క్‌లు ఇద్దరు, ఆఫీసులు వేరు. ఒక క్లర్క్ ఆఫీసులో లేదన్నారని అసలు కేసే లేదనుకోకూడదు. కాలిన్ కౌంటీ వెబ్‌సైట్‌లో కోర్టు కేసులు వెతికే పేజీ ఉంది, అందులో పేరుతో వెతకొచ్చు. నేరుగా వెళ్లాలంటే మెకిన్నీలోని కోర్టు భవనానికి వెళ్లాలి. డల్లాస్ కౌంటీ క్రిమినల్ కేసులైతే ఫ్రాంక్ క్రౌలీ భవనంలో. లైసెన్స్ సస్పెన్షన్ సంగతి మాత్రం ఈ కేసు కాగితాల్లో వెతకొద్దు. అది డీపీఎస్, అంటే డ్రైవింగ్ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ, వేరుగా నడిపే వ్యవహారం.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు కథకు వస్తాను. పేర్లు చెప్పను.

ఖమ్మం నుంచి మా బాబాయి ఒకరోజు ఫోన్ చేశారు. రిటైరైన టీచరు. కూతురికి ఇక్కడి అబ్బాయితో సంబంధం చూస్తున్నారు. "అమ్మా, ఆ అబ్బాయి రెండుసార్లు జైలుకెళ్లొచ్చాడంట. తాగి కారు నడిపాడంట. ప్రొబేషన్ కూడా వేశారంట. ఎవరో పంపించారమ్మా, చూడు" అన్నారు. ప్రొబేషన్ అంటే జైలుకు బదులు కోర్టు నిఘాలో ఉంచడం. ఫోన్‌లో రెండు బొమ్మలొచ్చాయి. ఒకటి జైలు ఫోటో, అబ్బాయిదే. అరెస్టయినవాళ్ల ఫోటోలు పెట్టే వెబ్‌సైట్లలో ఒకదాన్నుంచి తీసింది. రెండోది కౌంటీ రికార్డు స్క్రీన్‌షాట్. అందులో అదే పేరు, అదే ఇంటిపేరు, పక్కన రెండు డీడబ్ల్యూఐ కేసులు.

చూడగానే ఎవరైనా నమ్ముతారు. ఫోటో ఉంది, పేరు ఉంది, కేసులున్నాయి.

నేను కాలిన్ కౌంటీ పేజీ తెరిచి అదే పేరు కొట్టాను. మన పేర్ల సంగతి మీకు తెలుసు కదా. రెడ్డి, రావు, కుమార్ అని కొడితే ఎంతమంది వస్తారో చెప్పలేం. పైగా పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి వెనకుంటుంది. కొందరికైతే మొత్తం పేరంతా ఒకే గడిలో పడి, ఇక్కడి కాగితాల్లో మొదటి పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని వస్తుంది. అందుకని పేరు అటూ ఇటూ మార్చి, స్పెల్లింగ్ మార్చి వెతకాలి. అలా వెతికితే నాలుగు వరుసలు వచ్చాయి. ఒకటి స్పీడింగ్ టికెట్టు, దాన్ని పక్కన పెట్టాను. మిగతా మూడూ డీడబ్ల్యూఐ కేసులే.

పుట్టిన సంవత్సరం చూశాను. రెండు కేసుల్లో 1986. మూడోదాంట్లో 1994. బాబాయి పంపిన బయోడేటాలో అబ్బాయి పుట్టింది 1994లో, నెలా తేదీ కూడా మూడో కేసుతోనే కలిశాయి. అంటే ఆ రెండు కేసులు, ఆ ప్రొబేషన్, అవన్నీ వేరే మనిషివి. ఎవరో ఆ రెండు కేసులు చూసి, ఫోటో తెచ్చి దానికి జోడించారు. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక్కణ్ణి చేసేశారు.

పేరు దగ్గరే ఆగొద్దు అని నేనంటున్నది ఇందుకే. పుట్టిన తేదీ చూడండి. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు.

సరే, మూడో కేసు అబ్బాయిదే. దాన్ని తెరిచాను. పైన స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్ అని అతని పేరు. నేరం, డీడబ్ల్యూఐ. స్థాయి, క్లాస్ బీ మిస్‌డిమీనర్. కింద వరుసగా తేదీలు. బెయిల్ బాండ్ ఎప్పుడిచ్చారు, కేసు ఎప్పుడు ఫైల్ చేశారు, వాయిదాలెప్పుడు, లాయర్ ఎవరు. చాలామంది ఈ పై నాలుగు గీతలు చదివి ఆగిపోతారు. కిందికి జరుపుతూ పోతే డిస్పోజిషన్ అని ఒక మాట వస్తుంది. అంటే కేసు చివరికి ఏమైందని. అక్కడ రాసింది ఒక్కటే మాట: డిస్మిస్డ్. కేసు కొట్టేశారు.

జైలు ఫోటో పెట్టే వెబ్‌సైట్‌లో ఆ మాట లేదు. అరెస్టయిన నాడు తీసుకెళ్లి పెట్టుకున్నారు, తర్వాత ఏమైందో రాయలేదు. ఆ ఫోటో మాత్రం ఖమ్మం దాకా వెళ్లింది.

బాబాయికి ఇదంతా చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న వేశారు. "అయితే ఆ రోజు తాగాడా, లేదా?" అది కోర్టు కాగితంలో ఉండదు బాబాయ్ అన్నాను. కేసు కొట్టేశారంటే శిక్ష పడలేదని అర్థం. ఆ రాత్రి ఏం జరిగిందో అబ్బాయికే తెలుసు. నేరుగా అతన్నే అడగండి అన్నాను. అడిగారు. దాచకుండా చెప్పాడట. తాగానని, కారు ఎక్కకుండా ఉండాల్సిందని కూడా చెప్పాడట. సంబంధం సంగతి వాళ్లింటి విషయం, దాని గురించి నేను ఇక్కడ మాట్లాడను.

కానీ ఆ అబ్బాయి చెప్పిన ఇంకో మాట మీ అందరికీ పనికొస్తుంది. కేసు కొట్టేయకముందే, అరెస్టైన కొన్నాళ్లకే వీసా రద్దయిందని అతనికి ఈమెయిల్ వచ్చింది. చాలామందికి ఇది తెలియదు. శిక్ష పడక్కర్లేదు, డీడబ్ల్యూఐ అరెస్టు ఒక్కటి చాలు వీసా రద్దు చేయడానికి. అమెరికాలో ఉన్నంతకాలం మామూలుగా ఉద్యోగం చేసుకోవచ్చు. ఇండియా వెళ్తే మాత్రం మళ్లీ వీసా స్టాంపింగ్‌కు వెళ్లాలి, కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోవాలి. అందుకే ఆ అబ్బాయి ఇంటికి రాలేదు. అమ్మానాన్నలకు ప్రాజెక్టు బిజీ అని చెబుతూ వచ్చాడు. ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఆలోచించండి.

డిస్పోజిషన్ దగ్గర ఇంకేం మాటలు కనబడొచ్చు? కన్విక్షన్ అంటే తెలుసు, దోషి అని తేల్చడం. డిఫర్డ్ అడ్జుడికేషన్ అని కూడా ఉండొచ్చు, అంటే దోషి అని తేల్చకుండా వాయిదా వేయడం. 2019 సెప్టెంబర్ నుంచి మొదటిసారి పట్టుబడినవాళ్లకు, రక్తంలో ఆల్కహాల్ మరీ ఎక్కువ లేకపోతే, టెక్సాస్‌లో ఇది దొరుకుతోంది. నేరం ఒప్పుకుని, కోర్టు పెట్టిన షరతులు పాటిస్తే చివరికి కేసు కొట్టేస్తారు. టెక్సాస్ దృష్టిలో, మళ్లీ తాగి నడిపి పట్టుబడితే తప్ప, అది మామూలుగా శిక్షల లెక్కలోకి రాదు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం అది కన్విక్షనే. ఇది జాగ్రత్తగా వినండి. క్రిమినల్ లాయరు "అన్నీ క్లియర్ అయిపోయాయి" అన్నాడని సంతకం పెట్టేయకండి. ఇమిగ్రేషన్ లాయర్ని కూడా అడిగాకే పెట్టండి.

అసలు రికార్డే కనబడకపోతే? అప్పుడు కూడా తొందరపడొద్దు. రక్తపరీక్ష రిపోర్టు రావడానికే నెలలు పడుతుంది. కేసు ఫైల్ చేయడానికి ప్రాసిక్యూటర్‌కు మామూలుగా రెండేళ్ల గడువుంటుంది. ఈ రోజు లేనిది ఆర్నెల్ల తర్వాత రావచ్చు.

ఇప్పటిదాకా వేరేవాళ్ల రికార్డు చూడటం గురించి చెప్పాను. ఇక కేసున్నవాళ్లకే, వాళ్ల అన్నలకీ అక్కలకీ ఒక పని చెబుతాను. కేసు ముగియగానే క్లర్క్ ఆఫీసుకు వెళ్లి, కేసు నంబరు చెప్పి, డిస్పోజిషన్ సర్టిఫైడ్ కాపీ కావాలని అడగండి. వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసుకున్న కాగితం చాలదు. క్లర్క్ సంతకం, ముద్ర ఉన్న కాపీ కావాలి. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్‌కూ సిటిజన్‌షిప్ అప్లికేషన్‌కూ అడుగుతారు. వీసా ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడూ చేతిలో ఉండాలి. ఖర్చు కొన్ని డాలర్లే.

కేసు కొట్టేశాక కొందరు ఎక్స్‌పంక్షన్ వేయిస్తారు, అంటే రికార్డే చెరిపించేస్తారు. అర్హత ఉంటే తప్పకుండా వేయించుకోండి, ఉద్యోగాల దగ్గర చాలా మేలు. కానీ ఒకసారి చెరిపేశాక క్లర్క్ దగ్గరకు వెళ్లి అడిగితే, అలాంటి కేసేదీ లేదంటారు. వాళ్ల దగ్గర కాగితం ఉండదు మరి. వీసా ఫారం డీఎస్ 160 మాత్రం, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతూనే ఉంటుంది, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలంటుంది. లేదని రాస్తే అబద్ధం చెప్పినట్టే, దాంతో అసలు కేసు కన్నా పెద్ద చిక్కొస్తుంది. ఉందని రాస్తే, కేసు ఏమైందో చూపించడానికి కాగితం కావాలి.

కాబట్టి వరుస తప్పొద్దు. ముందు సర్టిఫైడ్ కాపీలు, తర్వాత ఎక్స్‌పంక్షన్ పిటిషన్. మళ్లీ చెబుతున్నాను, ముందు కాపీలు, తర్వాత పిటిషన్. ఒక్క కాపీతో సరిపెట్టకుండా మూడు నాలుగు తీసుకోండి. ఒకటి మీ లాయరుకివ్వండి, ఒకటి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి, మిగతావి ఇంట్లో దాచండి. కొట్టేసినట్టు జడ్జి సంతకం చేసిన ఉత్తర్వు కాపీ కూడా అదే రోజు అడిగి తీసుకోండి, మళ్లీ తిరిగే పని ఉండదు.

ఉంటాను. నమస్కారం.