పైన పెట్టండి, పొడిగా పెట్టండి

(హనుమకొండలో కాలనీ మహిళా సంఘం సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, సంఘం అక్కచెల్లెళ్ళకు, ఈ హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, వంటపని ముగించుకుని పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు. కరపత్రంలో ‘తక్కువ ఖర్చుతో ఇల్లు సర్దుకోవడం’ అని వేశారు. దాని మీదే మాట్లాడతాను. అయితే అలమారా అందంగా కనిపించే ఉపాయాలకన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. మన వరంగల్లు, హనుమకొండల్లో ఇల్లు సర్దుకోవడమంటే ముందు వానను తలచుకుని సర్దుకోవడం.

2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి ఇళ్ళలోకి నీళ్ళు రావడం మీలో చాలామంది చూశారు. 2023 జూలై చివరి వారం అంతకన్నా ఘోరం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగి, జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మన కాలనీల్లోనూ మంచాలు తేలాయి. ఆ మంచాల కింద ఏమున్నాయో ఎవరైనా అడిగారా?

మా వీధిలో బీడీలు చుట్టే అక్క ఒకామె ఉంది. ఆమె మంచం కింద రేకు సందుగ. అందులో భర్త మరణ ధ్రువపత్రం, తన పీఎఫ్ కాగితాలు, కూతురి పదో తరగతి మెమో. నీళ్ళు వచ్చిన రాత్రి ఆమె పిల్లను చంకనేసుకుని ఎదురింటి మేడ ఎక్కింది. అలా చేయడమే సరి. నీళ్ళు తీశాక సందుగ తెరిస్తే కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. ఎండలో ఆరబెట్టమని ఎవరో చెప్పారట, ఆరబెట్టింది. అవి పెళుసెక్కి చేతిలోనే చిట్లిపోయాయి. ఇక అక్కడి నుంచి మొదలు. ఒక కార్యాలయంలో అసలు పత్రం తెమ్మంటారు. అసలు పత్రం నీళ్ళలో పాడైపోయిందమ్మా అంటే పోలీసు ఫిర్యాదు నకలు తెమ్మంటారు. అది తెస్తే ప్రమాణపత్రం కావాలంటారు. కూలి పోగొట్టుకుని తిరిగిన ఆ మనిషికి కూర్చోమని కుర్చీ చూపినవారు లేరు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మునిగిన ఊళ్ళో నుంచి వచ్చిన మనిషిని ‘రేపు రా’ అనడానికి నోరెలా వస్తుంది?

సరే, విషయానికి వస్తాను. అసలు ఇదే విషయమని కూడా అనుకుంటాను.

మన పాత పెంకుటిళ్ళు చూడండి. దూలానికి ఉట్టి, గోడకు గూళ్ళు, ఇంటి నడుమ దండెం, నెత్తి మీద అటక. విలువైనదేదీ నేల మీద ఉండేది కాదు. ఇప్పుడు రెండు గదుల పోర్షన్లో అటక లేదు, గూడు లేదు. సామాన్లన్నీ మంచం కిందికి చేరాయి. కాబట్టి ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే చేయవలసిన మొదటి పని, మంచం కింద ఏమున్నాయో బయటికి తీసి చూడటం. పాత చెప్పులు, ఖాళీ సీసాలు అక్కడే ఉండనీయండి. కాగితాలు, బియ్యం, బట్టలు మాత్రం పైకి రావాలి.

గోడకు మేకు కొట్టకుండా అర చేయాలంటే ఇటుకలు, పాత తలుపు చెక్క చాలు. రెండు పక్కలా ఇటుకలు పేర్చి పైన చెక్క వేయండి, మళ్ళీ ఇటుకలు, మళ్ళీ చెక్క. రెండు అరలకు మించి లేపకండి, పిల్లలున్న ఇంట్లో అది ఒరిగితే ప్రమాదం. గోడల రంగు వచ్చిన ఖాళీ బకెట్లు బియ్యానికి వాడవద్దు. హోటళ్ళలో ఖాళీ అయిన నూనె డబ్బాలు అడిగితే ఇస్తారు. బాగా కడిగి, ఎండబెట్టి, బియ్యంలో ఎండు వేపాకు వేసి మూత పెట్టండి. మన వరంగల్లు కొత్తవాడలో నేసిన జంపఖానా ఉన్నవాళ్ళు దాన్ని మడతపెట్టకండి, మడతల దగ్గరే నూలు తెగుతుంది. ఒక పైపు ముక్కకు చుట్టి, పాత చీర కప్పి, సజ్జ మీద పడుకోబెట్టండి. వంటింట్లో గరిటెలకు, పిల్లల పెన్నులకు అదే పైపు ముక్కలు కోసి కిటికీ ఊచలకు కట్టుకోవచ్చు.

ఇక కాగితాలు. ఒక్కొక్కటి విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. అన్నీ కలిపి బిస్కెట్ల రేకు డబ్బాలో సర్దండి. సైకిల్ షాపులో చిరిగిన ట్యూబు అడగండి, వేలెడు వెడల్పున కోస్తే మంచి పట్టీ అవుతుంది. దాన్ని మూత అంచు చుట్టూ బిగించండి. అదొక్కటే నీటిని పూర్తిగా ఆపదు, అందుకే లోపల కవర్లు. సర్కారు పత్రాలు దాచుకునే డిజిలాకర్ యాప్‌లో దొరికేవి ఫోనులో పెట్టుకోండి. చేతిరాత భూమి కాగితాలు, పాత రసీదులు మాత్రం అందులో దొరకవు, వాటికి ఈ డబ్బాయే దిక్కు. ఒకవేళ తడిస్తే ఎండలో వేయకండి. నీడలో, ఫ్యాను గాలికి, పాత పత్రికల మధ్య మెల్లగా ఆరనివ్వండి.

ఈ సభలో ఇంటి యజమానులు కూడా ఉన్నారు. అయ్యా, అమ్మా, మీతో ఒక మాట. ‘గోడకు మేకు కొట్టవద్దు’ అని అద్దెకిచ్చే రోజే చెబుతారు. గోడ మీది, కాదనను. కానీ ఆ గోడ మధ్య బతికేది ఇంకొకరు. గది కట్టేటప్పుడే తలుపు ఎత్తున ఒక కడప బండ వేయించండి, రెండు కొక్కేలు బిగించండి. కిటికీ, తలుపుల ఖర్చు ముందు అదెంత? మూడు వేళ్ళ మేకుకు పేచీ పెట్టి అడ్వాన్సులో కోత కోసినవాళ్ళను నేనెరుగుదును. వాన వచ్చిన రోజున ఆ మేకుకు వేలాడే సంచిలో ఒక పిల్ల చదువంతా ఉంటుంది. దయచేసి కాదనకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

చివరగా, చేతిలో పని. ఏనుమాముల మార్కెట్ యార్డు నుంచి పాత గోనె సంచులు తెప్పించాం, ఉతికి ఆరేశాం. సంచిని నిలువుగా పరచి, కింది మూడో వంతు పైకి మడిచి, పక్కలు దబ్బనంతో సుతిలి వేసి కుట్టాలి. నడిమిన ఇంకో కుట్టు వేస్తే రెండు జేబులు. పై అంచు మడిచి అందులో వెదురు కర్ర దూర్చి, కర్ర రెండు కొసలకూ తాడు కట్టి కిటికీ పైఊచకు వేలాడదీయండి. మీ డబ్బా అందులో పెట్టండి. దబ్బనాలు, సుతిలి వెనక బల్ల మీద ఉన్నాయి. ఇంటికి వెళ్ళి చేద్దామనుకుంటే కుదరదు, ఇక్కడే కూర్చుని కుట్టండి. కళ్ళు ఆననివారికి నేను దారం ఎక్కించి ఇస్తాను. రండి.