జ్వరంలో సీఆర్‌పీ పెరిగితే భయపడాలా?

నమస్కారమండి. వానలు పడ్డ దగ్గర్నుంచి నా వాట్సాప్ నిండా ల్యాబ్ రిపోర్టులే. "డాక్టర్ గారూ, మావాడికి సీఆర్‌పీ 48 వచ్చిందండి. నార్మల్ 5 లోపంట. అడ్మిట్ చేసేద్దామా?" అని. పిల్లాడికి ఆయాసం ఉందా, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది, లేచి తిరుగుతున్నాడా, ఇవేవీ ఆ మెసేజ్‌లో ఉండవు. బోల్డ్ అక్షరాల్లో ఉన్న ఆ 48 ఒక్కటే ఉంటుంది. అది చూసి ఇంటిల్లిపాదీ నిద్ర మానేసి కూర్చుంటారు. నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఈ రోజు ఆ 48 సంగతి తేల్చేద్దాం.

[స్క్రీన్ మీద: రిపోర్టులో సీఆర్‌పీ వరుస]

సీఆర్‌పీ అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. ఇది వైరస్‌లో ఉండేది కాదండి, మన లివర్ తయారుచేసేది. ఊపిరితిత్తుల్లోనో గొంతులోనో గొడవ మొదలవగానే అక్కడి రక్షణ కణాలు ఐఎల్-6 అనే సంకేతం పంపిస్తాయి. అది అందుకున్న లివర్ సీఆర్‌పీని రక్తంలోకి వదులుతుంది. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. రోగం ముదిరినప్పుడు కనిపించి, కోలుకోగానే మాయమైపోతోందని అప్పుడే గమనించారు. దాదాపు వందేళ్ల కిందటి ఈ పరిశీలనే ఇవాళ్టికీ దీన్ని చదవడానికి అసలైన దారి. పెరుగుతోందా, తగ్గుతోందా? అది చూడాలి.

మన బెజవాడ వాళ్లకి ఇది చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. ఆ అంకె ఏం చెబుతుంది? కృష్ణలో ఎంత నీరు పోతోందో చెబుతుంది. మీ వీధిలోకి నీళ్లొచ్చాయో లేదో చెప్పదు. అది తెలియాలంటే తలుపు తీసి వీధిలోకి చూడాల్సిందే. సీఆర్‌పీ బ్యారేజీ దగ్గరి అంకె. మీ ఊపిరితిత్తుల పరిస్థితి వీధి. వీధిలోకి చూడటమంటే ఆక్సిజన్ చూడటం, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టడం.

ఇంకో సంగతి గుర్తుతెచ్చుకోండి. 2024 సెప్టెంబర్‌లో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, రికార్డు అది. ఒకప్పుడు అందులో సగం వరదకే నది ఒడ్డునున్న కృష్ణలంక వాళ్లు సామాన్లు సర్దుకునేవాళ్లు. ఆ ఏడాది రిటైనింగ్ వాల్ చాలావరకు ఆపింది. నది అదే, ఒడ్డున గోడ ఉందా లేదా అన్నదే తేడా. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడికి సీఆర్‌పీ 60 ఉన్నా గోడ గట్టిది, తట్టుకుంటాడు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకి షుగర్ ఉండి, ఏళ్ల తరబడి సిగరెట్లతో వచ్చిన ఆయాసం ఉండి, అదే 60 వస్తే ఆ గోడ ఎక్కడ? అందుకే పక్కింటాయన రిపోర్టుతో మీ రిపోర్టు పోల్చుకోవద్దు.

మరి అదే వరదలో బెజవాడలోని సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు కదా, బుడమేరు వాగు! బ్యారేజీ అంకె చూసుకుంటూ కూర్చున్నవాళ్లకి ఆ నీళ్లు కనపడవు. వైరల్ జ్వరంలోనూ ఇదే జరుగుతుంది. ఫ్లూ తగ్గుముఖం పట్టాక ఐదో రోజో ఆరో రోజో బ్యాక్టీరియా వచ్చి న్యుమోనియా తెస్తుంది. లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకడుతుంది. పోయిన వారం చేయించిన సీఆర్‌పీ వీటి గురించి ఏమీ చెప్పలేదు. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టి, ఆయాసం మొదలైతే పాత రిపోర్టు చేత్తో పట్టుకుని ధైర్యంగా ఉండొద్దు. వెంటనే బయల్దేరండి.

ఇప్పుడు టైమింగ్. బ్యారేజీకి ఎగువనున్న పులిచింతల డ్యామ్‌లో గేట్లెత్తితే నీళ్లు మన దగ్గరికి రావడానికి గంటలు పడుతుంది. ఐఎల్-6 పులిచింతల అనుకోండి, సీఆర్‌పీ బ్యారేజీ. గొడవ మొదలైన ఆరేడు గంటలకి సీఆర్‌పీ కదులుతుంది, దాదాపు రెండు రోజులకి గరిష్ఠానికి చేరుతుంది. పొద్దున జ్వరం వస్తే సాయంత్రమే సూర్యారావుపేట ల్యాబుకి పోయి రక్తమిచ్చేసి, "నార్మల్ వచ్చింది, ఏం లేదు" అనుకునేవాళ్లున్నారు. అది తొందరపాటు. దిగేటప్పుడు కూడా అంతే. రక్తంలో దీని సగం ఆయుష్షు దాదాపు 19 గంటలు. అంటే లోపల గొడవ పూర్తిగా ఆగిపోయినా అంకె సగానికి రావడానికి ముప్పావు రోజుకు పైగా పడుతుంది. రోజుకి రెండుసార్లు చేయించడం డబ్బు దండగ. 2021లో ఎయిమ్స్, ఐసీఎంఆర్ ఇచ్చిన కోవిడ్ చికిత్సా సూచనల్లో కూడా ఆస్పత్రిలో చేరిన మధ్యస్థ కేసులకి సీఆర్‌పీ, డి-డైమర్ (రక్తం గడ్డల ఆనవాలు చూసే పరీక్ష) 48 నుంచి 72 గంటలకోసారి చాలన్నారు. ఇంట్లో ఉన్న తేలికపాటి కేసుల గురించి కాదు ఆ మాట.

సరే, అసలు 48 ఎక్కువా? మామూలు వైరల్ జలుబు జ్వరాల్లో రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో సీఆర్‌పీ 10 నుంచి 60 దాకా పోవడం చాలా మామూలండి. మందేమీ లేకుండానే తగ్గుతుంది. దాన్ని చూపించి "ఇన్‌ఫెక్షన్ ఉంది, యాంటీబయాటిక్ ఇంజక్షన్ పడాలి" అంటే నేనొప్పుకోను. బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ 2014లో ఒక పద్ధతి చెప్పింది. దగ్గుతో వచ్చి, న్యుమోనియా అవునో కాదో పరీక్ష చేసినా తేలనప్పుడు సీఆర్‌పీ చూడండి. 20 లోపుంటే మామూలుగా యాంటీబయాటిక్ వద్దు. 100 దాటితే ఇవ్వండి. మధ్యలో ఉంటే చీటీ రాసిచ్చి, ముదిరితేనే వాడమనండి. ఇది డాక్టరు రోగిని చూశాక వాడే లెక్క. అలాగని 100 దాటితే తప్పనిసరిగా బ్యాక్టీరియానే అనీ అనుకోకండి. కోవిడ్ ముదిరినా, ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగినా 100 దాటుతుంది.

ఒక్క జాగ్రత్త. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి. డెసిలీటరు లెక్కలో 4.8 అని ఒక చోట, లీటరు లెక్కలో 48 అని ఇంకో చోట వస్తే రెండూ ఒకటే! నేను చెప్పే సీఆర్‌పీ అంకెలన్నీ లీటరు లెక్కవే. "ఒక్క రోజులో పదిరెట్లు పెరిగింది" అని కంగారుపడే ముందు అంకె పక్కనున్న యూనిట్ చదవండి. రెండోసారి కూడా అదే ల్యాబులో ఇవ్వండి.

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న విషయం, స్టెరాయిడ్. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ మందుల్ని పరీక్షించిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాల్ని మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభం లేదు. వాళ్లు రోగుల్ని విడదీసి చూసింది ఆక్సిజన్ అవసరాన్ని బట్టి, సీఆర్‌పీని బట్టి కాదు. అదే ట్రయల్‌లో టోసిలిజుమాబ్ ఇంజక్షన్‌కి మాత్రం సీఆర్‌పీ చూశారు, 75 దాటాలి అన్నారు. దానితో పాటు ఆక్సిజన్ కూడా పడిపోయి ఉండాలి. నది పొంగాలి, వీధిలోకి నీళ్లూ రావాలి. రెండూ ఉంటేనే. 2021 మేలో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా గారు టీవీలో ఇదే చెప్పారు. ఆక్సిజన్ బాగుండి లక్షణాలు తేలికగా ఉంటే సీటీ స్కాన్‌లు, ఈ రక్తపరీక్షలు అక్కర్లేదు, మొదట్లోనే స్టెరాయిడ్ వాడితే చెడు జరుగుతుంది అని. అయినా అంకె చూసి స్టెరాయిడ్ మింగినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. షుగర్ పెరిగి, బ్లాక్ ఫంగస్ వచ్చి కన్ను పోగొట్టుకున్న కుటుంబాలకి ఆ రోజులు ఎలా గడిచాయో ఊహించండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు తెచ్చుకోవద్దు. దయచేసి.

టోసిలిజుమాబ్ గురించి ఇంకో మాట. అది ఐఎల్-6 పనిచేయకుండా అడ్డుకుంటుంది కాబట్టి, ఇచ్చాక లివర్ సీఆర్‌పీ చేయడమే మానేస్తుంది. అంకె పడిపోతుంది. బ్యారేజీ దగ్గర కొలబద్ద పీకేసినట్టే, వరద ఉందో లేదో ఇక దానితో తెలియదు. స్టెరాయిడ్ కూడా కొంత ఇలాగే తగ్గిస్తుంది. ఐసీయూ బయట కూర్చున్న బంధువులు "సీఆర్‌పీ తగ్గింది కదండీ, మరెందుకు బాగోలేదంటున్నారు?" అని అడిగేది ఇందుకే.

టైం అయిపోతోంది, రిపోర్టులో కనపడే మిగతా పరీక్షల గురించి గబగబా చెప్పేస్తా.

ఫెరిటిన్: ఐరన్ నిల్వ చేసే ప్రోటీన్, ఇన్‌ఫ్లమేషన్‌లో, అంటే నేను ఇందాక గొడవ అన్నదానిలో, పెరుగుతుంది. లివర్ జబ్బుల్లోనూ పెరుగుతుంది. వేలల్లోకి పోతేనే మేం ఉలిక్కిపడేది. ఎల్‌డీహెచ్: కణాలు దెబ్బతింటే పెరుగుతుంది, కానీ రక్తం తీసేటప్పుడు శాంపిల్ పాడైనా పెరుగుతుంది. డి-డైమర్: గడ్డ కరిగిన ఆనవాలు. వయసుతో, గర్భంతో, ఆపరేషన్ తర్వాత మామూలుగానే ఎక్కువుంటుంది. దీనికీ రెండు రకాల యూనిట్లున్నాయి, ఒకటి ఇంకోదానికి దాదాపు రెట్టింపు. ప్రోకాల్సిటోనిన్: బ్యాక్టీరియా జబ్బుల్లో బాగా పెరుగుతుంది, వట్టి వైరల్ జబ్బుల్లో తక్కువే ఉంటుంది. కిడ్నీ జబ్బుంటే నమ్మలేం, ఖరీదూ ఎక్కువే. ఈఎస్ఆర్: రక్తహీనత ఉన్నా పెరుగుతుంది, నెమ్మదిగా దిగుతుంది, ఇలాంటి జ్వరంలో దాని వెంట పడొద్దు. వీటన్నిటికంటే చవకైనది సీబీసీ, అంటే రక్తకణాల లెక్క. అందులో తెల్లకణాల రకాలైన న్యూట్రోఫిల్స్ బాగా పెరిగి లింఫోసైట్లు బాగా తగ్గాయంటే దాన్ని మేం శ్రద్ధగా చూస్తాం.

ఇంట్లో చూడాల్సినవి రాసుకోండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు ఆక్సీమీటర్ పెట్టండి. పెద్దవాళ్లకి 93 లేదా అంతకంటే తక్కువ వచ్చి అలాగే ఉంటే ఆస్పత్రికి. కూర్చుని ఉండగా నిమిషానికి 24 సార్లు, ఆపైన ఊపిరి తీస్తుంటే ఆస్పత్రికి. 90 కంటే తగ్గినా, ఊపిరి 30 దాటినా, మాట తడబడుతున్నా, పెదాలు నీలంగా కనపడినా 108కి ఫోన్ చేయండి, ఏ రిపోర్టు కోసమూ ఆగొద్దు. పాత ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఎప్పుడూ ఆక్సిజన్ తక్కువే ఉండేవాళ్లకి ఈ అంకెలు వేరు, మీ డాక్టరు గారిని ముందే అడిగి పెట్టుకోండి. చిన్నపిల్లల ఊపిరి లెక్క కూడా వేరు, దానికి విడిగా వీడియో చేస్తాను. కామెంట్లలో రిపోర్టు ఫొటో పెట్టేవాళ్లు వయసు, జ్వరం ఎన్నో రోజు, ఆక్సిజన్ ఎంత, ఈ మూడూ రాయండి.