సిమెంటు రేకులు మారుస్తున్నారా? ముందు రోజే ఇల్లు ఇలా సర్దుకోండి

నమస్తే అండి. ఇప్పుడు నేను తిరుపతి కొర్లగుంటలో మా మేనత్త ఇంట్లో ఉన్నాను. ఒకసారి పైకి చూడండి. ఈ సిమెంటు రేకులు వేసి 30 ఏళ్లు దాటింది. వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాల్సిందే. రేపు వీటిని దించి కలర్ రేకులు వేస్తున్నారు. కప్పు వేసే పని మేస్త్రీ చూసుకుంటాడు. ముందు రోజు ఇల్లు సర్దిపెట్టడం మాత్రం మనమే చేసుకోవాలి.

ముందు కాలం గురించి ఒక మాట. మన వైపు ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. కత్తెర ఎండల్లోనేమో పనివాళ్లు పైన నిలబడలేరు. మంచిరోజు చూసుకునేటప్పుడే ఫోన్లో వాతావరణం కూడా చూడండి. అయినా సరే, రెండు పెద్ద టార్పాలిన్ పట్టలు, తాడు ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు బయటికి రండి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు చూశారా? రేకుల మీదున్న ఆ పైపుకు కట్టి ఉంది. ఇంట్లో మెయిన్ ఆపేసినా మీటరు దాకా ఆ వైరులో కరెంటు ఉంటుంది. దాన్ని మనం ముట్టుకోకూడదు, పనివాళ్లను ముట్టుకోనివ్వకూడదు. రెండు రోజుల ముందే కరెంటాఫీసులో చెప్పి లైన్‌మన్‌ను పిలిపించుకోండి, లేదా 1912కి ఫోన్ చేసి అడగండి. ఫ్యాన్లు, ట్యూబులైట్లు ఈరోజే దించేశాం.

ఇక అసలు సంగతి, దుమ్ము. ఇంత పాత సిమెంటు రేకు అంటే దాదాపు ఖాయంగా అందులో ఆస్బెస్టాస్ అనే ఖనిజపు పీచు ఉంటుంది. రేకు పగిలినా, కోసినా కంటికి కనపడని పీచు గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన పీచు అక్కడే ఉండిపోతుంది. 20, 30 ఏళ్ల తర్వాత కూడా జబ్బు బయటపడొచ్చు. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా ఇంట్లో రేకులు మార్చినప్పుడు నాకివేవీ తెలియవు. పగిలిన ముక్కల్ని చీపురుతో ఊడ్చేశాం, పిల్లలు ఆ పక్కనే ఆడుకున్నారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

అందుకే మేస్త్రీతో ముందే గట్టిగా మాట్లాడుకున్నాం. కరెంటు తీసేశాక రేకుల మీద సన్నగా నీళ్లు చల్లి తడపాలి. పగలగొట్టకుండా ఒక్కో రేకునీ నిండుగా దించాలి. కటింగ్ మెషిన్ వాడకూడదు. తుప్పు పట్టిన బోల్టును సుత్తితో కొడితే రేకు పగులుతుంది. కాబట్టి నట్లకు ఈరోజే నూనె వేసి పెట్టాం, అప్పటికీ ఊడకపోతే హాక్సా బ్లేడుతో బోల్టునే కోస్తారు. పాత రేకు మీద కాలు పెట్టడం ఇంకా ప్రమాదం. అది ఒక్కసారిగా విరిగిపోతుంది, తడిస్తే జారుతుంది కూడా. పరంజా కట్టి పక్కనుంచి దించమన్నాం. దానికి కూలి కొంచెం ఎక్కువైంది. ఒక మనిషి పైనుంచి పడిపోవడం కంటే అది ఎంతో మేలు. అందరికీ ఎన్95 మాస్కులు మేమే కొన్నాం.

దించిన రేకులను మందపాటి ప్లాస్టిక్ పట్టలో చుట్టి పెట్టాలి. ఎక్కడ వేయాలో మున్సిపల్ ఆఫీసులో ముందే అడగండి. కోళ్ల గూటికో, స్నానాలగదికి అడ్డంగానో పనికొస్తాయని దాచుకోవద్దండి.

లోపలికి వద్దాం. మంచాలు, టీవీ, బియ్యం మూట, చింతపండు, ఊరగాయ జాడీలు పక్కింటికి పంపేశాం. బీరువా కదలదు కాబట్టి పాత దుప్పటి కప్పి, దానిమీద ప్లాస్టిక్ షీటు వేసి అంచులకు టేపు అతికించాం. పట్టా కాగితాలు, నగలు అత్త చేతిసంచిలో ఉన్నాయి. దేవుడి పటాలు నిన్ననే చిన్నాన్న ఇంటికి చేరాయి. సంపు మూతకు కూడా ప్లాస్టిక్ కట్టండి, తాగే నీళ్లలో ఆ దుమ్ము పడకూడదు. గ్యాస్ సిలిండరు, కర్టెన్లు తీసేయండి, కొత్త రేకుల కింద ఇనుప పైపులు వెల్డింగ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు రాలతాయి. పని అయ్యాక ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి, ఆ గుడ్డలు కూడా రేకులతో పాటే చుట్టేయాలి.

ఇరుగుపొరుగుకు ఈ సాయంత్రమే చెబుతున్నాం. కిటికీలు మూసుకుంటారు, మిద్దె మీద బట్టలు ఆరేయరు. పిల్లలిద్దరూ రెండు రోజులు చిత్తూరులో వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉంటారు.

పొద్దున ఆరున్నరకు లైన్‌మన్ వస్తానన్నారు. ఆలోపు ఫ్రిజ్ ఖాళీ చేయాలి. అత్తా, పాలగిన్నె ఎవరింట్లో పెడుతున్నావు?