ఖజానా చేతిలో లేని ప్రథమ మంత్రి: పానగల్ రాజా

సభకు నమస్కారం.

కాళహస్తిలో పుట్టిన పానుగంటి రామారాయణింగారు, పానగల్ రాజాగా, 1921 జులై నుంచి 1926 డిసెంబరు దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి, అంటే నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆయన పాలనను తూచాలంటే ముందు ఆయన చేతికి ఏమిచ్చారో చూడాలి.

బ్రిటిష్ వారి 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం భూమి శిస్తు, పోలీసు, ఆర్థికం గవర్నరు కార్యనిర్వాహక సభ్యుల దగ్గరే ఉండిపోయాయి. విద్య, వైద్యం, స్థానిక పాలన, ఎక్సైజు లాంటివి మంత్రులకు వచ్చాయి. ఖర్చయ్యే శాఖలు ఒకరివి, ఖజానా ఇంకొకరిది. పైగా మద్రాసు ఏటా 348 లక్షల రూపాయలు కేంద్రానికి కట్టాలి. రిజర్వుడు శాఖల, అంటే గవర్నరు దగ్గరున్న శాఖల, పద్దును శాసనమండలి కొట్టేసినా, అది అవసరమేనని గవర్నరు సర్టిఫై చేసి తెచ్చుకోగలడు. మంత్రుల పద్దుకు, అత్యవసరమైతే తప్ప, ఆ రక్షణ లేదు.

అందుకే సర్కారు సొమ్ము ఎక్కువ అక్కర్లేని సంస్కరణ మీద ఆయన పట్టు పట్టారు. అది దేవాదాయ చట్టం. 1863 చట్టంతో ప్రభుత్వం గుళ్ల బాధ్యత వదులుకుని కమిటీలకు అప్పగించింది. కమిటీ సభ్యుడు ఒకసారి కూర్చుంటే జీవితాంతం ఉంటాడు; ధర్మకర్త లెక్క చెప్పకపోతే భక్తుడు కోర్టుకెక్కడమే దారి. ఎంతమంది ఎక్కగలరు? పానగల్ బిల్లు పైన ఒక బోర్డు పెట్టి, లెక్కలు ఆడిట్ చేయించి, ఆ ఖర్చు దేవాలయాల చందాల నుంచే రాబట్టింది. మఠాధిపతులైన మహంతులు, ధర్మకర్తలు గట్టిగా ఎదిరించారు. బిల్లు 1925లో, ఆ ఏటి 1వ చట్టంగా వచ్చింది. చెల్లుబాటు మీద వివాదం లేవడంతో ఆయన దిగిపోయాక 1927లో 2వ చట్టంగా మళ్లీ చేయాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆయన చేసిన అన్నిటిలోకీ ఎక్కువ కాలం నిలిచిన పని ఇదే.

సొంత పక్షమైన జస్టిస్ పార్టీలో అందరినీ కలుపుకుపోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు. 1923 నవంబరులో అవిశ్వాస తీర్మానం తెచ్చింది ఒకప్పుడు ఆ పార్టీలోనే ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి. 44 మంది సమర్థించారు, 65 మంది వ్యతిరేకించారు, మంత్రివర్గం నిలిచింది.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. విద్యామంత్రి ఎ.పి. పాత్రో నడిపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయ బిల్లు 1926లో చట్టమైంది. కేంద్రం బెజవాడ. తొలి వైస్ ఛాన్సలరు ఎవరనుకున్నారు? ఆ రామలింగారెడ్డిగారే. 1930లో విశ్వవిద్యాలయం విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలిపోయింది. అప్పటికి పానగల్ రాజా లేరు. 1928 డిసెంబరులోనే కన్నుమూశారు.