ఫ్లేవర్ చాలడం లేదని ఇంకో నాలుగు చుక్కలు పోసేముందు

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది సిగరెట్ మానడానికి వేప్ (ఈ-సిగరెట్) పట్టుకున్నవాళ్లే, అందులో కొందరు ఇప్పుడు అందులో ఆవిరయ్యే లిక్విడ్ కూడా ఇంట్లోనే కలుపుకుంటున్నారు. వాళ్లు కనబడితే నన్ను అడిగే మొదటి మాట దాదాపు ఇదే: “సీసా మూత తీస్తే ఘుమఘుమలాడుతోంది, లాగితే మాత్రం ఏమీ తెలియడం లేదు, ఇంకెంత పొయ్యాలి?” పొయ్యడం ఆపండి, అదే నా జవాబు. ఫ్లేవర్ తగ్గడానికి కారణం తక్కువ పొయ్యడం అయ్యే సందర్భాలు చాలా తక్కువ.

అసలు సంగతిలోకి వెళ్లేముందు రెండు మాటలు. ఇది బ్రిటన్‌లో, పెద్దవాళ్లకి, సిగరెట్ వదిలేసినవాళ్లకి చెబుతున్న సంగతి. సిగరెట్ అలవాటు లేనివాళ్లకి దీంతో పనే లేదు, మొదలుపెట్టకండి. రెండోది, ఇండియాలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. తయారీ, దిగుమతి, అమ్మకాలకైతే మొదటిసారి పట్టుబడితేనే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సెలవులకి హైదరాబాదో విజయవాడో వెళ్తూ “చిన్న సీసాయేగా” అని సూట్‌కేసులో పడెయ్యకండి.

సరే, మొదట అనుమానించాల్సింది మన ముక్కుని. రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి నాలుగైదు సంగతులే, మామిడి, స్ట్రాబెరీ, కాఫీ అని తేడా తెలిసేది గొంతు వెనకనుంచి ముక్కులోకి వెళ్లే గాలితో. ముక్కేమో ఒకే వాసన తగులుతూ ఉంటే కాసేపటికి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే వెనిలా కస్టర్డ్ లాగుతూ ఉంటే మూడో రోజుకి అది గోరువెచ్చటి ఆవిరిలా అనిపించడంలో వింతేమీ లేదు, అప్పుడు అందులో ఇంకో రెండు శాతం కలిపినా ఆ ముక్కుకి ఒరిగేదేమీ ఉండదు. దీన్ని ఇక్కడివాళ్లు ‘వేపర్స్ టంగ్’, అంటే వేప్ వాడేవాళ్ల నాలుక, అంటారు, పాపం నాలుకది తప్పేమీ లేకపోయినా. ఒకటి రెండు రోజులు పూర్తిగా వేరే రకానికి మారండి, నీళ్లు బాగా తాగండి, నోరు ఎండిపోతే ఏ వాసనా సరిగ్గా అందదు. మెంథాల్ అయితే అలా మాయమవ్వదు, ఎందుకంటే అది వాసనతో పాటు చల్లదనాన్ని పట్టే నరాల్ని కూడా తడుతుంది. అందుకే ముక్కు మొద్దుబారినప్పుడు చాలామంది మెంథాల్ వైపు వెళ్తారు. జలుబు చేసినప్పుడు, కోవిడ్ తర్వాత వాసన పూర్తిగా తిరిగి రానప్పుడు మాత్రం లిక్విడ్ కలపకండి, కలిపినా దానిమీద తీర్పు చెప్పకండి.

ముక్కు బాగానే ఉంది, పక్కవాళ్లకి కూడా చప్పగానే ఉంది అనుకుందాం. అప్పుడు బేస్, అంటే ఫ్లేవర్‌ని కలిపే ద్రవం, చూడాలి. పీజీ అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, పల్చగా ఉంటుంది, ఫ్లేవర్‌ని బాగా మోస్తుంది, మనం కొనే కాన్సన్‌ట్రేట్లలో (గాఢమైన ఫ్లేవర్లలో) ఎక్కువ భాగం పీజీలో కరిగించినవే. వీజీ అంటే గ్లిజరిన్, చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది, పొగ బాగా ఇస్తుంది, కానీ ఫ్లేవర్ అంచుల్ని మెత్తబరుస్తుంది. మబ్బులు బాగా రావాలని 80 శాతం వీజీ పోసుకుని, మళ్లీ ఫ్లేవర్ లేదని గొడవపెడితే ఎలా? 70 వీజీ నుంచి 60కో 50కో దిగి చూడండి, ఫ్లేవర్ ఒక్క చుక్క పెంచకుండానే తేడా తెలుస్తుంది. పాడ్ అనే చిన్న డివైస్ వాడేవాళ్లకైతే 50-50 తప్పదనే చెప్పాలి, చిక్కటి లిక్విడ్ దాన్ని వేడిచేసే ఆ చిన్న తీగచుట్ట, అదే కాయిల్‌లోని దూదిలోకి వేళకి చేరదు, దూది ఎండి మాడు కంపు వస్తుంది. పీజీ పెంచితే గొంతులో కొంచెం ఎక్కువ గీరుతుంది, కొందరికి అది అసలు పడదు కూడా, అలాంటివాళ్లు వీజీతోనే సర్దుకోవాలి.

నికోటిన్ షాట్, అంటే విడిగా కలుపుకునే చిన్న నికోటిన్ సీసా, సంగతి చాలామంది మర్చిపోతారు. ఇక్కడి 2016 నిబంధనల ప్రకారం నికోటిన్ ఉన్న లిక్విడ్ 10 మి.లీ. సీసాల్లోనే, మి.లీ.కి 20 మి.గ్రా. మించకుండానే అమ్మాలి. అందుకే 50 మి.లీ. షార్ట్‌ఫిల్ (షాట్‌కి చోటు వదిలి నింపిన సీసా) నికోటిన్ లేకుండా వస్తుంది, మనం మి.లీ.కి 18 మి.గ్రా. ఉన్న షాట్ ఒకటి పోస్తే 60 మి.లీ. అవుతుంది, మి.లీ.కి 3 మి.గ్రా. బలం వస్తుంది. ఆ ఒక్క షాట్‌కి సరిపడా ఫ్లేవర్‌ని కంపెనీవాళ్లు ముందే ఎక్కువ వేసి ఉంచుతారు. పెద్ద సీసాలోకి వంపి రెండు, మూడు షాట్లు పోసేవాళ్లకి చప్పబడక ఏమవుతుంది? ఇంట్లో మొదటినుంచీ కలిపేటప్పుడు కూడా లెక్క ఇదే, శాతం వెయ్యాల్సింది మొత్తం మీద, షాట్‌తో సహా. షాట్‌లో ఉన్న పీజీ, వీజీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక శాతాలు. అసలు గందరగోళమంతా ఇక్కడే. కాన్సన్‌ట్రేట్లన్నీ ఒకే బలంతో ఉండవు. అమెరికావాళ్ల ఫ్లేవర్ అప్రెంటిస్, కాపెల్లా రకాలు చాలావరకు విడిగా అయితే ఐదు నుంచి పది శాతం దాకా తీసుకుంటాయి, ఇటలీ ఫ్లేవర్‌ఆర్ట్, పోలండ్ ఇనవెరా రకాల్లో చాలావాటికి ఒకటి నుంచి మూడు శాతం చాలు. కాపెల్లా అలవాటుతో ఇనవెరాని ఎనిమిది శాతం పోస్తే అది మామూలు బలం కాదు, కొన్నైతే సబ్బు నోట్లో పెట్టుకున్నట్టు ఉంటాయి, మరికొన్ని చిత్రంగా ఏమీ లేనట్టు చప్పగా ఉంటాయి. ఎక్కువైతే ఎక్కువగా తెలియాలి కదా అంటారు. తెలియదు. ఇంగువ ఎక్కువైన చారు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, ఇంగువ రుచి పెరగదు, చారు రుచి పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఫ్లేవర్‌ని మింగేసేది తీపి. ఇథైల్ మాల్టాల్ అని ఒకటుంది, పీచు మిఠాయి వాసన దానిదే. చిటికెడు వేస్తే పళ్ల ఫ్లేవర్ల గరుకుదనం పోయి గుండ్రంగా అవుతాయి, హద్దు దాటితే పక్కనున్న ప్రతిదాన్నీ కప్పేస్తుంది. సుక్రలోజ్ ఇంకో రకం తలనొప్పి, పెదాల మీద తీపి తగులుతుంది కాబట్టి షాపు లిక్విడ్ల లాగా ఉందని సంబరపడతాం, కాయిల్ మీద అది మాడి నల్లగా అట్టలు కడుతుంది, వారానికే కాయిల్ పోతుంది, పైగా వేడికి అది విరిగి క్లోరిన్ ఉన్న పదార్థాలు పుడతాయి. నా మటుకు నేను దాన్ని వాడను. షాపు లిక్విడ్ల మీద ఇంటి లిక్విడ్ చప్పగా అనిపించడానికి చాలాసార్లు అసలు కారణం ఈ తీపే, ఫ్లేవర్ కాదు. పది రోజులు తీపి లేకుండా వాడి చూడండి, తర్వాత షాపుది లాగితే పానకంలా ఉంటుంది.

కాబట్టి చెయ్యాల్సింది ఏంటంటే, కొన్న ప్రతి కాన్సన్‌ట్రేట్‌నీ ముందు ఒంటరిగా కలిపి రుచి చూడాలి. బోరు కొట్టే పనే, కానీ దీన్ని తప్పించుకున్నవాళ్లే ఏడు రకాలు కలిపి “ఏదో తేడాగా ఉంది” అంటూ తిరుగుతారు. 10 మి.లీ. చాలు. 50-50లో ఆరు శాతం అంటే ఫ్లేవర్ 0.6 మి.లీ., పీజీ 4.4, వీజీ 5. సిరంజీలతో కుస్తీ పట్టే బదులు 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కొనుక్కోండి. పీజీ మి.లీ.కి దాదాపు 1.04 గ్రాములు, వీజీ 1.26 గ్రాములు. అంటే పైన చెప్పిందాంట్లో ఫ్లేవర్ 0.62 గ్రా., పీజీ 4.58, వీజీ 6.3. చుక్కలు లెక్కపెట్టే పద్ధతి వదిలెయ్యండి, ఒక్కో సీసా మూతి ఒక్కోలా ఉంటుంది, చుక్క సైజూ మారుతుంది. నాలుగు శాతంతో ఒకటి, ఆరుతో ఒకటి చేసి పక్కపక్కన పెట్టి చూస్తే, నాలుగుదే స్పష్టంగా ఉందని మీకే తెలిసే ఫ్లేవర్లు బోలెడు. సీసా మీద తేదీ, శాతం రాయండి, గుర్తుంటుందిలే అనుకోకండి.

కలిపిన రోజే లాగి తిట్టుకోవడం ఇంకో అలవాటు. పళ్ల రకాలు రెండు మూడు రోజుల్లో కుదురుకుంటాయి, కస్టర్డ్, క్రీము రకాలకి రెండు నుంచి నాలుగు వారాలు, పొగాకు రకాలకి కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే. ఈ ఊరబెట్టడంలో సగం చిక్కటి వీజీలో ఫ్లేవర్ సమంగా కలవడం, సగం నిజమైన రసాయన చర్య. వెనిలిన్, దాల్చినచెక్క వాసన ఇచ్చే సిన్నమాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్లు పీజీతో కలిసి ఎసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారతాయని 2018లో అమెరికాలో యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు. ఇవి ఊపిరితిత్తుల్లో మంట పుట్టించే గుణం ఉన్నవని కూడా చెప్పారు, కాబట్టి ఫ్లేవర్ శాతం తక్కువలో ఉంచడానికి ఇది ఇంకో కారణం. మూత తీసి గాలి తగలనివ్వమని కొందరు సలహా ఇస్తారు, వద్దు, ముందు ఎగిరిపోయేవి నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలే. వేడి నీళ్లలో గంటలు గంటలు నానబెట్టడం కూడా వద్దు, వేడికి, వెలుతురుకి నికోటిన్ రంగు మారి మిరియాల ఘాటు ఎక్కుతుంది. బాగా కుదిపి చీకటి అల్మారాలో పెట్టండి, పిల్లలకి అందని చోట, తాళం వేసి. నికోటిన్ చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది, గ్లవ్స్ వేసుకోండి.

కాయిల్ గురించి రెండు ముక్కలే. పాత కాయిల్‌లో ఏ లిక్విడ్ అయినా చప్పగానే ఉంటుంది. గాలి రంధ్రం కాస్త మూస్తే ఫ్లేవర్ చిక్కబడుతుంది. వాట్లు కాయిల్ మీద రాసిన హద్దులోనే, కింద నుంచి మొదలుపెట్టి పెంచండి, దూది ఎండితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది.

ఇప్పుడు మనవాళ్ల ప్రత్యేక సమస్య. ఇక్కడ దొరికే మామిడి ఫ్లేవర్ మన మామిడిలా లేదని వంటింట్లో ఉన్న ఎసెన్స్, యాలకుల నూనె, గులాబీ అత్తరు, నెయ్యి ఫ్లేవర్ పోద్దామనే ఆలోచన. దయచేసి వద్దు. తినడానికి పనికొచ్చేవన్నీ పీల్చడానికి పనికిరావు, కడుపు నూనెని అరిగించుకుంటుంది, ఊపిరితిత్తులకి ఆ పని రాదు. 2019లో అమెరికాలో వేప్ చేసినవాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉదంతంలో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు నమోదయ్యాయి, 68 మంది చనిపోయారు. గంజాయి సారం కలిపిన లిక్విడ్లలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెలాంటి పదార్థమే ముఖ్య కారణమని తేలింది. నెయ్యి, వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ కథ ఇంకా పాతది, 2000లో మిస్సోరీ రాష్ట్రం జాస్పర్‌లో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో దాని ఆవిరి పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు శాశ్వతంగా పాడయ్యాయని బయటపడింది. బ్రిటన్‌లో నికోటిన్ లిక్విడ్లలో అది 2016 నుంచి నిషేధం, కానీ మన వంటింటి సీసా మీద ఆ నిబంధన పనిచెయ్యదు కదా. వేప్ కోసమే చేసిన, నూనె లేని కాన్సన్‌ట్రేట్లే వాడండి.

మరి మామిడి? కాపెల్లా స్వీట్ మ్యాంగో నాలుగు శాతం, దానికి ఫ్లేవర్‌ఆర్ట్ మామిడి ఒకటి, వాళ్లదే పీచ్ అర శాతం. పీచ్ ఎందుకంటే, పండిన మామిడిలో ఉండే ఆ క్రీములాంటి కమ్మదనం లాక్టోన్లు అనే పదార్థాల నుంచి వస్తుంది, పీచ్ వాసనకి మూలం కూడా అవే. అర శాతంలో పీచ్ అని ఎవరూ గుర్తుపట్టరు, మామిడి ముగ్గినట్టు అనిపిస్తుంది. మొత్తం కలిపి ఐదున్నర శాతమే. మూడు రోజులు ఉంచి లాగండి. బంగినపల్లి అవుతుందా అంటే అవ్వదు, టెంకె దగ్గరి పులుపు, పీచు ఆవిరిలో రావు, దానికోసం ఎండాకాలంలో ఇండియన్ షాపుకే వెళ్లాలి, పెట్టె ధర చూసి గుండె దిటవు చేసుకుని. సరే, ఇక అడగండి, కానీ ఏ కంపెనీ డివైస్ కొనాలని మాత్రం అడక్కండి, అది నాకు ఆసక్తి లేని సబ్జెక్టు.