కథ దొరకాలి

అందరికీ నమస్కారం. కొత్తగా రాస్తున్నవాళ్ళు ఇంతమందిని ఒక్కచోట చూడటం సంతోషంగా ఉంది. రచయితకు వెబ్‌సైటు ఎందుకో చెప్పమన్నారు. నేను శ్రీకాకుళం దగ్గర మొదలుపెడతాను.

1997లో కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు అక్కడ కథానిలయం అనే కథల గ్రంథాలయం పెట్టారు. పాత పత్రికల్లో చెల్లాచెదురైన తెలుగు కథల్ని ఎక్కడెక్కడి నుంచో సేకరించి ఒక గూటికి చేర్చారు. వారం తిరిగితే పత్రిక పాతకాగితాల్లో కలిసిపోతుంది. చాలాసార్లు రాసినవాళ్ళ దగ్గరే ప్రతి ఉండదు. సొంత వెబ్‌సైటంటే, నా మటుకు, మాస్టారు తలకెత్తుకున్న ఆ పనిలో మన వాటా మనం మోయడం.

నా మొదటి సంపుటి అచ్చుపనికి వాడే పాతరకం డీటీపీ ఫాంటులో కొట్టించాను. పదేళ్ళకు ఆ ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలు, ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అది తెలుగే కాదు. పదకొండు కథలూ మళ్ళీ యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా తెలుగుగానే చూపించే అక్షరాల్లో, టైపు చేసుకున్నాను. అందుకే చెబుతున్నాను, మీ కథ మీ సైటులో యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి. ఆదివారం అనుబంధంలో వచ్చిన పేజీని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నాం కదా, మిత్రులు ఆ రోజు చూసి అభినందిస్తారు. ఏడాది తర్వాత అందులో వాక్యం గుర్తొచ్చి ఎవరైనా వెతికితే, అది బొమ్మే కానీ అక్షరాలు కాదు కాబట్టి, దొరకడం కష్టం. పైగా ఫేస్‌బుక్ లాంటివే ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. అక్కడ మాత్రమే రాసుకున్నవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పేరు సంగతి. శ్రీరంగం శ్రీనివాసరావు గారు శ్రీశ్రీ అయ్యారు, ఆ పేరు వింటే ఇంకెవరూ గుర్తురారు. మనలో ఎంతమంది శ్రీనివాసులున్నారో చూడండి! ఇంటిపేరు ముందా వెనకా, ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాస్తారు, ఇవి ఒక్కసారి తేల్చుకుని పుస్తకం అట్ట మీదా సైటులోనూ ఒకేలా ఉంచండి. పరిచయంలో సన్మానాల చిట్టా కంటే మీ ఊరు, మీరు చేసిన పనులు, ఏ మనుషుల మధ్య పెరిగారో రాయండి. కథలోని గొంతే అక్కడా వినిపించాలి. లేని మనిషిని తయారుచేసి నిలబెట్టొద్దు, పాఠకులు ఇట్టే పసిగడతారు.

ఉత్తరం రాయడానికి ఒక ఈమెయిలు తప్పనిసరి. నా కథను కన్నడంలోకి తెద్దామనుకున్న ఒకావిడ రెండు నెలలు నాకోసం వెతికి, అనుమతి అడిగే దారి లేక మానుకున్నారట. చాలాకాలానికి తెలిసింది. ఆ కథ ఇప్పటికీ కన్నడంలోకి వెళ్ళలేదు.

డొమైను, అంటే సైటు చిరునామా, మాత్రం మీ పేరు మీదే కొనండి. సైటు కట్టిపెట్టినవాళ్ళ పేరు మీద వద్దు. ఏటా గడువు లోపల డబ్బు కట్టడం మరవొద్దు.

రంగులూ హంగులూ తర్వాత. ఇవాళ ఇంటికెళ్ళి ఒక జాబితా రాయండి: కథ పేరు, పత్రిక, నెల, సంవత్సరం. గుర్తులేనివి కథానిలయం జాబితాలో వెతకండి. నేను మరిచిపోయిన నా కథలు రెండు నాకక్కడే దొరికాయి.